ఒక గ్లాసు నీళ్ళ లెక్క: సిమెంటు లేని కాంక్రీటు ఎక్కడ చెడుతుంది?

(విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులు, పేవర్ బ్లాకుల యూనిట్లు నడిపేవాళ్ళు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. చివర అడిగిన ప్రశ్నలు కొన్ని, వాటి జవాబులతో సహా ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. ఈ బక్కెట్లో ఉన్నది బూడిదే, భయపడక్కర్లేదు. పక్కనున్న తెల్ల డబ్బా జోలికి మాత్రం ఎవరూ పోకండి, అందులో కాస్టిక్ సోడా ఉంది.

ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్ళేటప్పుడు కనిపించే నార్ల తాతారావు థర్మల్ స్టేషన్ మొదటి యూనిట్ 1979లో మొదలైంది. మన దేశపు బొగ్గు వంద కిలోలు కాలిస్తే ముప్ఫై నుంచి నలభై కిలోల దాకా బూడిదే మిగులుతుంది. ఆ బూడిదలో మెత్తటి భాగం పొగతో పాటు పైకి లేస్తుంది, దాన్ని పొగగొట్టంలోకి పోకుండా ముందే పట్టేస్తారు. అదే ఫ్లై యాష్. దాంతో ఇటుకలు చెయ్యడం మనకి కొత్త కాదు. బూడిద, సున్నం, జిప్సం కలిపే ఫాల్-జి పద్ధతిని భానుమతీదాస్, కాళిదాస్ గార్లు రూపొందించింది మన విశాఖలోనే. ఈ రోజు మాట్లాడేది దాని గురించి కాదు. అందులో సున్నం ఉంది. మనం మాట్లాడబోయే దాంట్లో సున్నం లేదు, సిమెంటు లేదు. బూడిదని గాఢమైన క్షారంతో గట్టిపరిచే జియోపాలిమర్ కాంక్రీటు.

ఆ పేరు పెట్టింది ఫ్రాన్స్‌కి చెందిన జోసెఫ్ డేవిడోవిట్స్, 1970ల చివర్లో. అంతకు ముందే, 1950ల్లో, కీవ్‌లో గ్లుఖోవ్‌స్కీ స్లాగ్‌ని, అంటే ఇనుము కొలిమిలో మిగిలే మడ్డిని, క్షారంతో గట్టిపరిచి చూపించాడు. చరిత్ర ఇక్కడితో ఆపేస్తాను, ఎందుకంటే బలం పరీక్షకి మీరు పోసే క్యూబులు పగిలేది చరిత్ర తెలియక కాదు. కాటా దగ్గర పొరపాటు జరిగి పగులుతున్నాయి.

ముందు అసలు ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెప్తాను. మామూలు సిమెంటు నీళ్ళని తాగుతుంది. నీళ్ళు, సిమెంటు కలిసి కొత్త పదార్థం అవుతాయి. అందుకే ఏడు రోజులు, పద్నాలుగు రోజులు గోనెపట్టాలు కప్పి తడుపుతాం. జియోపాలిమర్ అలా తాగదు. బూడిద గుండ్లు నిజానికి గాజు గుండ్లు. సిలికా, అల్యూమినా కరిగి ఒక్కసారిగా చల్లారి గాజైపోయినవి. గాఢమైన క్షారంలో వేస్తే ఆ గాజు పైపొర కరుగుతుంది. కరిగిన సిలికా, అల్యూమినా ముక్కలు మళ్ళీ ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులుగా, వలగా అల్లుకుంటాయి. అలా అల్లుకునేటప్పుడు నీళ్ళు బయటికి వచ్చేస్తాయి. అంటే ఇక్కడ నీళ్ళు కూలీ లాంటివి. సరుకుని మోసుకొచ్చి దించి వెళ్ళిపోవాలి. వెళ్ళకుండా ఉండిపోతే ఆ చోటంతా ఖాళీ గదే, అదే రంధ్రం. రంధ్రాలు ఎక్కువైతే బలం ఎందుకు తగ్గుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

దీన్నుంచి ఒక సంగతి వెంటనే తేలుతుంది. బూడిద జియోపాలిమర్ క్యూబుల్ని అలవాటు కొద్దీ క్యూరింగ్ తొట్టిలో పడెయ్యకండి. ఇంకా అల్లుకోని క్షారం నీళ్ళలోకి కారిపోతుంది. తొట్టి నీళ్ళు జారుడుగా, సబ్బు నీళ్ళలా అయ్యాయంటే మీ బలం అక్కడికి పోయిందన్న మాట.

ఇప్పుడు సరుకు సంగతి. బూడిదలన్నీ ఒకటి కావు. చెరువులోకి నీళ్ళతో కొట్టేసిన బూడిద, పాండ్ యాష్ అంటారు కదా, ముతకగా ఉంటుంది, తడిసి ఉంటుంది. చవగ్గా వస్తుందని అది తెచ్చుకుంటే పని జరగదు. పొడిగా, సైలో నుంచి నేరుగా తెచ్చుకోవాలి. బూడిదకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 3812 మొదటి భాగం చూడండి. సిలికా, అల్యూమినా, ఐరన్ ఆక్సైడు మూడూ కలిపి 70 శాతానికి తగ్గకూడదు. 45 మైక్రాన్ల జల్లెడ మీద 34 శాతానికి మించి మిగలకూడదు. కాల్చితే పోయే భాగం, ఎల్‌ఓఐ, 5 శాతం దాటకూడదు. ఈ మూడోదాన్ని విద్యార్థులు పట్టించుకోరు. కాలకుండా మిగిలిన బొగ్గు పొడి అది. స్పాంజిలా ద్రావణాన్ని పీల్చేస్తుంది, మిక్సు గట్టిపడిపోయిందని మీరు నీళ్ళు పోస్తారు, కథ అక్కడ మొదలవుతుంది. లోడు లోడుకీ బూడిద రంగు చూడండి. ముదురుగా, నల్లగా మారితే పాత మిక్సు డిజైన్ పక్కన పెట్టి చిన్న ట్రయల్ వెయ్యండి.

క్షారం రెండు పాళ్ళుగా వస్తుంది. ఒకటి కాస్టిక్ సోడా ఫ్లేక్స్ నీళ్ళలో కరిగించింది, రెండోది సోడియం సిలికేట్, సబ్బుల వాళ్ళు వాటర్ గ్లాస్ అంటారు. ఆస్ట్రేలియాలో కర్టిన్ యూనివర్సిటీలో రంగన్ గారి బృందం చాలా ఏళ్ళు పనిచేసి ఇచ్చిన మిక్సు ఒకటుంది, మన కాలేజీల ప్రాజెక్టుల్లో సగం దాన్నుంచే మొదలవుతాయి. ఘనపు మీటరుకి బూడిద 408 కిలోలు, కంకర అన్ని సైజులూ కలిపి 1294, ఇసుక 554, సిలికేట్ 103, కాస్టిక్ ద్రావణం 41. సిలికేట్‌కీ కాస్టిక్ ద్రావణానికీ నిష్పత్తి రెండున్నర. వాళ్ళు వాడిన సిలికేట్‌లో సోడియం ఆక్సైడు 14.7 శాతం, సిలికా 29.4, మిగిలిన 55.9 శాతం నీళ్ళే. మీరు కొన్న డబ్బా మీద ఈ అంకెలు లేకపోతే అమ్మినవాణ్ణి అడగండి. చెప్పలేకపోతే ఆ సరుకు కొనకండి.

ఇక అసలు పొరపాటు. రికార్డుల్లో కాస్టిక్ ద్రావణం గాఢత 14 మోలార్ అని రాస్తారు. ఎలా చేశారయ్యా అంటే, మోలు 40 గ్రాములు, పద్నాలుగు నలభైలు 560, లీటరు నీళ్ళలో 560 గ్రాముల ఫ్లేక్స్ వేశాం అంటారు. గుణకారం తప్పు లేదు. కానీ మోలారిటీ అంటే లీటరు నీళ్ళలో కాదు, లీటరు ద్రావణంలో. లీటరు నీళ్ళకి 560 గ్రాములు కలిపితే ద్రావణం బరువు 1560 గ్రాములు, అందులో ఫ్లేక్స్ 36 శాతం. 97–98 శాతం స్వచ్ఛత ఉన్న ఫ్లేక్స్‌తో కర్టిన్ వాళ్ళు కొలిచి ఇచ్చిన పట్టిక ప్రకారం కిలో ద్రావణానికి 8 మోలార్‌కి 262 గ్రాములు, 10కి 314, 12కి 361, 14కి 404 గ్రాములు కావాలి. ఇప్పుడు చూడండి. మీరు 14 అనుకున్నది నిజానికి 12. పక్క కాలేజీవాళ్ళు సరిగ్గా 14 కలిపారు. ఇద్దరూ పేపర్లో 14 అనే రాశారు. ఒకరి బలం ఒకరికి రాలేదని ఆశ్చర్యపోతారు. ఈ రంగంలో ఫలితాలు పొంతన కుదరకపోవడానికి పెద్ద పెద్ద కారణాలు వెతుకుతుంటారు గానీ, చాలాసార్లు కారణం ఇంత చిన్నది. అందుకే మోలారిటీ మర్చిపోండి, కిలో ద్రావణంలో ఎన్ని గ్రాములో బరువులో రాయండి.

కరిగించేటప్పుడు నీళ్ళలో ఫ్లేక్స్ కొంచెం కొంచెంగా వెయ్యాలి. ఫ్లేక్స్ మీద నీళ్ళు పొయ్యకూడదు, మొహం మీదకి చిమ్ముతుంది. ద్రావణం 80 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అందుకని గట్టి ప్లాస్టిక్ బక్కెట్టే వాడండి. అల్యూమినియం గిన్నెలు, అల్యూమినియం అచ్చులు అసలు పనికిరావు. కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వస్తుంది, అగ్గిపుల్ల గీస్తే అంటుకునే వాయువు అది. జింకు పూసిన రేకులకీ అదే గతి. ఫ్లేక్స్ బస్తా మూతి తెరిచి వదిలేస్తే గాల్లో తేమ పీల్చి చెమర్చి ముద్దవుతాయి, పైగా కార్బనేట్‌గా మారిపోతాయి, మీరు తూచేది అప్పుడు కాస్టిక్ మాత్రమే కాదు. ద్రావణం ముందు రోజే చేసి, మూతపెట్టి చల్లారనివ్వండి. కళ్ళజోడు, రబ్బరు గ్లౌజులు, కాళ్ళకి బూట్లు. చెప్పులతో పనిచేసేవాళ్ళ వేళ్ళ సందుల్లో ఈ ముద్ద చేరితే వెంటనే మంట తెలియదు, తెలిసేసరికి తోలు పోతుంది. కంట్లో పడితే పదిహేను నిమిషాలకి తగ్గకుండా ధారగా నీళ్ళు కొట్టుకుంటూ ఉండాలి, ఆ తర్వాత ఆసుపత్రి. నిమ్మకాయ, వెనిగర్ లాంటి చిట్కాలు వద్దు.

ఇప్పుడు ఒక బ్యాచ్ తూచి చూద్దాం. బోర్డు మీద వేస్తున్నాను, మీరూ రాసుకోండి. 150 మిల్లీమీటర్ల క్యూబులు ఆరు. ఒక్కోటి 0.003375 ఘనపు మీటర్లు, ఆరుకీ 0.02025. అంటుకుపోయేది, ఒలికేది కలిపి 15 శాతం వేసుకుంటే 0.0233. బూడిద తొమ్మిదిన్నర కిలోలు. సిలికేట్ 2.4 కిలోలు. కాస్టిక్ ద్రావణం 955 గ్రాములు, 8 మోలార్ అయితే అందులో ఫ్లేక్స్ 250 గ్రాములు, నీళ్ళు 705. సిలికేట్‌లో ఉన్న నీళ్ళు 1.34 కిలోలు. మొత్తం నీళ్ళు రెండు కిలోల చిల్లర. ఘనపదార్థం, అంటే బూడిద, సిలికేట్‌లోని గట్టి భాగం, ఫ్లేక్స్ కలిపి 10.8 కిలోలు. నీళ్ళని దాంతో భాగిస్తే 0.19. ఈ నిష్పత్తే మీ జాతకం. రంగన్ గారి పట్టికలో 60 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆవిరి పట్టిన కాంక్రీటుకి ఈ నిష్పత్తి 0.18 అయితే బలం 50 ఎంపీఏ (మెగాపాస్కల్), 0.20 అయితే 40, 0.22 అయితే 35.

మిక్సరు తిరుగుతోంది, ముద్ద జిగురుగా ఉంది. జియోపాలిమర్ ముద్ద ఎప్పుడూ జిగురుగానే ఉంటుంది, సిలికేట్ స్వభావం అది. మేస్త్రీ చూసి, "ఇది పారదు సార్, ఒక గ్లాసు పోద్దాం" అంటాడు. గ్లాసు అంటే 200 గ్రాములు. 2.05 కాస్తా 2.25 అయింది, నిష్పత్తి 0.208. పట్టికలో 45 దగ్గర ఉండాల్సింది 38 దగ్గరికి దిగింది. ఒక్క గ్లాసు, ఏడు ఎంపీఏ.

సరే, గ్లాసు పొయ్యలేదనుకుందాం. ఇసుక చూశారా? ఈ బ్యాచ్‌కి ఇసుక 12.9 కిలోలు. వాన పడిన మర్నాడు కృష్ణ ఇసుకలో మూడు శాతం తడి ఉండటం మామూలే. మూడు శాతమంటే 390 గ్రాములు, దాదాపు రెండు గ్లాసులు, మీరు చెయ్యి పెట్టకుండానే పడిపోయాయి. నిష్పత్తి 0.226కి ఎక్కింది. ఎండాకాలం కంకర సంగతి దీనికి తలకిందులు. 30 కిలోల ఎండిన కంకర ఒక శాతం పీల్చినా 300 గ్రాముల ద్రావణం లోపలికి పోతుంది, ముద్ద బిగిసిపోతుంది. అందుకే కంకరనీ ఇసుకనీ ముందు రోజు తడిపి, పైతడి ఆరనిచ్చి, లోపల నిండి పైన పొడిగా ఉన్న స్థితిలో వాడాలి. కుదరకపోతే ఒక పావుకిలో ఇసుక పెనం మీద వేయించి, ముందూ వెనకా తూచి, తేడాని లెక్కలో కలుపుకోండి. పది నిమిషాల పని. సిమెంటు కాంక్రీటులో ఇలాంటి పొరపాటు కొంత దాక్కుంటుంది. ఇక్కడ మొత్తం నీళ్ళే రెండు కిలోలు కాబట్టి ప్రతి గ్లాసూ బయటపడుతుంది.

పారకం కావాలంటే బూడిదనీ ద్రావణాన్నీ అదే నిష్పత్తిలో కొంచెం పెంచడం, వైబ్రేటరు బాగా పెట్టడం చూడండి. సిమెంటు కోసం తయారైన సూపర్ ప్లాస్టిసైజర్లు ఇంత గాఢమైన క్షారంలో నిలబడతాయని ముందే నమ్మకండి. చాలా రకాలు విరిగిపోతాయి. రంగన్ గారి బృందం నాఫ్తలీన్ రకం వాడింది. కలిపేటప్పుడు బూడిద, ఇసుక, కంకర పొడిగా మూడు నిమిషాలు, ద్రావణం పోశాక నాలుగు నిమిషాలు.

క్యూరింగ్ మీద ఒక మాట. వట్టి బూడిదతో చేస్తే మామూలు గది వేడిలో ఇది సోమరి. మర్నాడు అచ్చు విప్పితే వేలు దిగుతుంది. 60 డిగ్రీల వేడి 24 గంటలు పడితే లేచి కూర్చుంటుంది. పోసిన వెంటనే ఓవెన్‌లో పెట్టక్కర్లేదు, ఒక రోజు ఆగినా నష్టం లేదు. యూనిట్ల వాళ్ళకి ఇది మంచి వార్త, రోజు పని మొత్తం పోగుచేసి ఒకేసారి ఆవిరి పట్టొచ్చు. ఒక్కటి మర్చిపోకండి, వేడి పెట్టేటప్పుడు మూత ఉండాలి. ప్లాస్టిక్ చుట్టకుండా ఓవెన్‌లో పెడితే నీళ్ళు పని పూర్తి కాకుండానే ఎగిరిపోతాయి, పైన పగుళ్ళు వస్తాయి, లోపల పొడి.

ఓవెన్ వద్దనుకుంటే స్లాగ్ కలపాలి. విశాఖ ఉక్కు కర్మాగారంలో కొలిమిలో కరిగిన ఇనుము మీద తేలే మడ్డిని చల్లార్చి పొడి కొట్టిందే జీజీబీఎస్. అందులో కాల్షియం ఉంటుంది కాబట్టి గది వేడిలోనే బిగుస్తుంది. బూడిదలో పది నుంచి ముప్ఫై శాతం మార్చి చూస్తారు. ఇక్కడే బెజవాడ ఎండ కొంప ముంచుతుంది. పరిశోధన పత్రాల్లో 23, 25 డిగ్రీల గదిలో చేసిన మిక్సు మీరు మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో కలిపితే, అచ్చులో నింపేలోపే తట్టలో బిగుస్తుంది. స్లాగ్ తగ్గించండి, ద్రావణం నీడలో చల్లగా ఉంచండి, తెల్లారకముందే పోత పూర్తి చెయ్యండి. బిగుస్తోందని నీళ్ళు పోసి మళ్ళీ తిప్పడం ఎంత తప్పో ఇప్పటిదాకా బోర్డు మీద వేసిన లెక్కే చెప్తుంది.

తెల్ల గడ్డం సంగతి కూడా చెప్పాలి. బ్లాకు ఎండాక పైన తెల్లటి నురగలాంటి పొడి లేస్తుంది. మన గోడలకి ఉప్పు పట్టడం లాంటిదే. మిగిలిపోయిన సోడియం పైకి వచ్చి గాల్లో కార్బన్ డయాక్సైడుతో కలిసి కార్బనేట్ అవుతుంది. క్షారం అవసరానికి మించి పోస్తే వస్తుంది, క్యూరింగ్ చాలకపోయినా వస్తుంది. అంటే ఆ తెలుపు మీ మిక్సు మీద ఫిర్యాదు, కడిగేసి అమ్మడం పరిష్కారం కాదు.

దీన్ని నిజంగా ఎక్కడైనా వాడారా అని అనుమానం ఉంటుంది. ఆస్ట్రేలియాలో టూవూంబా దగ్గర విమానాశ్రయం 2014లో మొదలైంది, దానికి దాదాపు 40,000 ఘనపు మీటర్ల జియోపాలిమర్ కాంక్రీటు పోశారు. మన దగ్గర ప్రీకాస్ట్, అంటే ముందే అచ్చుల్లో పోసి తెచ్చే, ఉత్పత్తుల కోసం ఐఎస్ 17452 అని 2020లో మార్గదర్శకాలు వచ్చాయి. పేవర్లు, కెర్బు రాళ్ళు చేసేవాళ్ళు ముందు అది చదవండి. శ్లాబులు, స్తంభాల జోలికి అప్పుడే పోకండి.

పర్యావరణం గురించి కూడా కొంచెం జాగ్రత్తగా మాట్లాడండి. పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నపురాయి కాల్చినట్టే సిమెంటు బట్టీలోనూ కాలుస్తారు, వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి నుంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడు లేచిపోతుంది. అది ఇక్కడ లేదు, నిజమే. కానీ సిలికేట్ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇసుక, సోడా యాష్ వెయ్యి డిగ్రీలు దాటించి కరిగిస్తే వచ్చింది. కాస్టిక్? ఉప్పునీళ్ళలో కరెంటు పంపితే. 2013లో ఆస్ట్రేలియాలో టర్నర్, కాలిన్స్ లెక్క కడితే మామూలు కాంక్రీటు ఘనపు మీటరుకి 354 కిలోల కార్బన్ డయాక్సైడు, జియోపాలిమర్‌కి 320 తేలాయి. పది శాతం లోపే తేడా. ఇంకొందరి లెక్కల్లో తేడా చాలా ఎక్కువ. ఏ క్షారం, ఎంత దూరం నుంచి, ఎంత వేడి అనే దాన్ని బట్టి మారుతుంది. బ్రోషర్లో 80 శాతం అని అచ్చేసే ముందు మీ సొంత లెక్క కట్టుకోండి.

ప్రశ్న: సార్, మా కాలేజీలో పెద్ద ఓవెన్ లేదు. ఎండలో పెట్టొచ్చా?

పెట్టొచ్చు. నల్ల పాలిథీన్ కింద, మూసిన పెట్టెలో ఎండాకాలం మధ్యాహ్నం వేడి బాగా ఎక్కుతుంది. కానీ రాత్రికి పడిపోతుంది. కాబట్టి 24 గంటలు 60 డిగ్రీలు అని రాయకండి. పెట్టెలో థర్మామీటరు పెట్టి గంటగంటకీ ఎంతుందో రాసి, ఆ పట్టికే రిపోర్టులో పెట్టండి. నిజానికి మన ఊళ్ళకి పనికొచ్చే పరిశోధన అదే. ఓవెన్ ఫలితాలు ప్రపంచంలో చాలామంది దగ్గర ఉన్నాయి.

ప్రశ్న: రైసు మిల్లుల ఊక బూడిదతో సిలికేట్ చెయ్యొచ్చంటున్నారు, నిజమేనా?

నిజమే, ఇప్పుడు బాగా పని జరుగుతున్న చోటు అదే. ఊక బూడిదలో సిలికా 85 నుంచి 95 శాతం దాకా ఉంటుంది. కాస్టిక్ ద్రావణంలో వేసి 80–100 డిగ్రీల్లో కలుపుతూ కాచి వడకడితే సోడియం సిలికేట్ వస్తుంది, గాజు కొలిమి అక్కర్లేదు. కృష్ణా, గుంటూరు, తెనాలి చుట్టూ మిల్లులకి కొదవ లేదు. చిక్కు ఎక్కడంటే మిల్లు బాయిలరులో ఊక ఎంత వేడి దగ్గర కాలిందన్న దాంట్లో. మరీ వేడెక్కితే సిలికా స్ఫటికంగా మారిపోతుంది, తర్వాత కాస్టిక్‌కి లొంగదు. తక్కువ కాలితే నల్లగా బొగ్గు మిగులుతుంది. ఒకే బాయిలరు బూడిదైనా సోమవారంది శుక్రవారందాంతో కలవదు. ప్రతి కాపుకీ ఎంత సిలికా కరిగిందో కొలవకుండా మిక్సులో పొయ్యకండి.

ప్రశ్న: ప్రాజెక్టు అయ్యాక మిగిలిన ద్రావణం ఏం చెయ్యాలి? సింకులో పోస్తే?

పొయ్యకండి. పైపులూ పాడు, ఆ నీళ్ళు కలిసేది మన కాలవల్లోనే. కొన్నాళ్ళలో వాడేదైతే ప్లాస్టిక్ డబ్బాలో గట్టిగా బిగించి, తేదీ, గాఢత రాసి, తాళం వేసిన బీరువాలో పెట్టండి. గాజు సీసాలో పెడితే బిరడా అతుక్కుపోతుంది. వాడనిదైతే మిగిలిన బూడిదలో కలిపి, పాత అచ్చులో పోసి, వేడి పట్టించి గట్టిపరచండి. అప్పుడది రాయే, తలుపుకి అడ్డంగా పెట్టుకోవచ్చు.